పంటెక్కిన బండి: మారేడుమిల్లి నుంచి అంతర్వేది దాకా

గోదావరి జిల్లాల్లో బైక్ టూర్ అనగానే ఎవరైనా మారేడుమిల్లి పేరే చెబుతారు. నిజమే, రంపచోడవరం దాటాక రోడ్డు అడవిలోకి దూరుతుంది, అక్కణ్ణుంచి చింతూరు వైపు ఘాట్ మలుపులు బండి నడపడం ఇష్టమున్నవాళ్లకి పండగే. కానీ అక్కడా, కింద డెల్టాలోనూ తిరిగాక నా అభిప్రాయం ఒకటే: కొండకి ఒక రాత్రి ఇవ్వండి, మిగిలిన సెలవంతా ధవళేశ్వరానికి దిగువన గడపండి. బండి మీద గోదావరి బాగా తెలిసేది డెల్టాలోనే. అందులోనూ బండితో సహా నది దాటించే పంటు ఎక్కితేనే.

కొండ సంగతి ముందు చెప్పేస్తాను. మారేడుమిల్లిలో అటవీ శాఖ పర్యవేక్షణలో నడిచే కాటేజీలూ ఉన్నాయి, ప్రైవేటు గదులూ ఉన్నాయి. నేను మొదటివాటికే ఓటేస్తాను. చుట్టూ చెట్లు, రాత్రి నిశ్శబ్దం, బండికి గేటు లోపల చోటు. శని, ఆదివారాల్లో మాత్రం ముందే బుక్ చేసుకోకపోతే దొరకవు. బొంగులో చికెన్ రోడ్డు పక్కనే కాల్చి పెడతారు. మన కళ్లముందు బొంగు నిప్పుల్లో పెట్టించుకుని, ఆగి తింటేనే దాని రుచి. ఘాట్లో ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు, కాబట్టి రంపచోడవరంలోనే పెట్రోలు నింపుకుని, ఇంటికి ఒక ఫోన్ చేసేసి బయల్దేరితే టెన్షన్ ఉండదు.

కిందికి దిగి రాజమండ్రి దాటాక ధవళేశ్వరం బ్యారేజీ మీదుగానే వెళ్లండి. నేషనల్ హైవే మీద జొన్నాడ వంతెన దాటితే త్వరగానే చేరతారు, కానీ డెల్టా ఎలా పుట్టిందో కనిపించదు. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తి చేసిన ఆనకట్ట ఈ చోటే ఉండేది, ఇప్పుడున్నది దాని బదులు కట్టిన బ్యారేజీ. బొబ్బర్లంక దగ్గర కోనసీమలోకి దిగి కాలవగట్టు పట్టుకుంటే ఆత్రేయపురం, కాలవలు చీలే లొల్ల లాకులు వరసగా వస్తాయి. ఆత్రేయపురంలో పూతరేకులు కొనడం కన్నా, కాలే కుండ మీద పిండి గుడ్డ లాగి రేకు తీసే ఆడవాళ్ల చేతుల్ని కాసేపు చూడటం నాకు ఎక్కువ నచ్చింది. ఇంట్లో కూర్చుని ఆ వేడి దగ్గర రోజంతా చేసే పని అది. అక్కడ బేరమాడాలనిపించలేదు.

కాలవగట్టు రోడ్ల గురించి ఒక మాట. చూడటానికి హాయిగా ఉంటాయి: ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క కొబ్బరి తోటలు. నడపడానికి మాత్రం ఘాట్ కన్నా ఎక్కువ జాగ్రత్త కావాలి. చాలాచోట్ల కాలవ వైపు అడ్డుగోడ ఉండదు. సార్వా కోతలప్పుడు సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి, అంచున రాళ్లు పెడతారు. చీకట్లో ఆ రాళ్లు కనపడవు. రైతుకి కళ్లం చాలక రోడ్డు మీద పోశాడు, కాబట్టి మనమే నెమ్మదిగా పక్కనుంచి పోవాలి. రొయ్యల, చేపల లారీల నుంచి కారే నీళ్లతో తారు జారుతుంటుంది, మలుపుల్లో బ్రేకు మీద ఆధారపడొద్దు. పొద్దు వాలేలోపు బస చేరిపోవడమే మంచిది.

ఇక పంటు. రెండు పడవల మీద బల్లలు పరిచి కట్టేది పంటు. మనుషులు, బళ్లు, మేకలు, కూరగాయల గంపలు అన్నీ దాని మీదే దాటతాయి. ద్రాక్షారామం దర్శనం చేసుకుని కోటిపల్లి రేవుకి వస్తే గోదావరి పాయ గౌతమి దాటి ముక్తేశ్వరంలో దిగొచ్చు. పంటు లేకపోతే అటు రావులపాలెం గానీ, ఇటు యానాం దగ్గర ఎదుర్లంక వంతెన గానీ చుట్టి రావాలి. రేవులో బరువైన బుల్లెట్ మీద వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు ర్యాంపు చూసి ఆగిపోయారు. పంటు మీద పనిచేసే పెద్దాయన "ఏవండీ, మీరు దిగిపోండి, బండి మేం ఎక్కిస్తాం. ఆయ్, పడనివ్వంలెండి" అని హ్యాండిల్ పట్టుకున్నాడు. ఇద్దరు వెనక పట్టారు, బండి బల్ల మీదకి చేరింది. నాది 125 సీసీ బండి, నేనొక్కణ్ణే తోసుకుని ఎక్కించాను. డెల్టాలో తిరగడానికి చిన్న బండే మేలని చెప్పేది ఇందుకే. ఎక్కాక గేర్లో పెట్టి స్టాండు వేసి, ఆవలి ఒడ్డు వచ్చేదాకా పక్కనే నిలబడండి.

నది మధ్యలోకి వచ్చాక కోటిపల్లి–నరసాపురం రైలు మార్గం కోసం లేపిన స్తంభాలు కనిపించాయి. పక్కన నిలబడ్డ ముసలమ్మ వాటికేసి చూసి, "మా మనవడికి పెళ్లయ్యేలోపు రైలెక్కుతానో లేదో బాబూ" అంది. ముక్తేశ్వరం ఆసుపత్రి పనికి వెళ్తోందట. మనకి సరదా అయిన ఈ దాటుడు ఆమెకి రోజువారీ అవసరం. అందుకే పంటు సర్వీసు మీద నా ఫిర్యాదు గట్టిగానే చెబుతాను: టిక్కెట్టు ఎక్కువేమీ కాదు, మనుషులు మంచివాళ్లు, కానీ నేనెక్కినప్పుడు ఎవరి ఒంటి మీదా లైఫ్ జాకెట్ లేదు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర పర్యాటక బోటు మునిగిన తర్వాత కూడా ఇలా దాటించడం నాకు మింగుడు పడలేదు.

జులై నుంచి సెప్టెంబరు దాకా వరద రోజుల్లో బయల్దేరే ముందు ధవళేశ్వరం నీటిమట్టం చూసుకోండి. మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగుల దగ్గర ఇస్తారు. వరద పెరిగితే పంట్లు ఆగిపోతాయి, చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే లాంటివి మునిగిపోతాయి. 2022 జులైలో ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకల జనం ఇళ్లు వదిలి గట్ల మీదకి చేరారు. అలాంటప్పుడు చూడటానికని వెళ్లి వాళ్లకి అడ్డం కాకూడదు.

బసకి నేను అమలాపురాన్నే ఎంచుకుంటాను. అన్ని రోడ్లూ అక్కడ కలుస్తాయి, మెకానిక్‌లు దొరుకుతారు, పొద్దున్నే అంబాజీపేట వెళ్లి పనసాకు బుట్టల్లో ఇడ్లీ పిండి పోసి ఉడికించిన పొట్టిక్కలు తిని రావచ్చు. లాడ్జీ మాత్రం గది చూశాకే తీసుకోండి. ఒకచోట ఫోన్లో వేడినీళ్లు, పార్కింగ్ ఉన్నాయన్నారు. వెళ్తే వేడినీళ్లు లేవు, బండి రాత్రంతా వీధిలో ఉంచాల్సి వచ్చింది. దిండిలో నది ఒడ్డున రిసార్టు, హౌస్‌బోట్లు ఉన్నాయి. కుటుంబంతో కదలకుండా రెండు రోజులు కూర్చునేవాళ్లకి అవి బాగుంటాయి. తెల్లారేసరికి బండి తీసేవాళ్లకి ఆ డబ్బు దండగ.

అమలాపురం నుంచి పి.గన్నవరం మీదుగా వెళ్తే వైనతేయ నది మీద అక్విడక్టు వస్తుంది. నది మీదుగా కాలవ ప్రవహించడం చూడాలంటే అక్కడ ఆగాలి. కొత్త అక్విడక్టుకి అన్నదాత డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. ఆవిడ ఉన్న లంకల గన్నవరం ఆ పక్కనే. రాజోలు, సఖినేటిపల్లి దాటి అంతర్వేదికి చేరాక నరసింహస్వామి దర్శనం చేసుకుని, గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు దాకా వెళ్లండి. దేవస్థానం గదులు చవక, సాదాగా ఉంటాయి. భీష్మ ఏకాదశి కల్యాణం రోజుల్లో వాటి మీద ఆశ పెట్టుకోవద్దు.

తిరుగు ప్రయాణంలో సఖినేటిపల్లి రేవులో పంటెక్కితే నరసాపురం. చించినాడ వంతెన చుట్టూ తిరగక్కర్లేదు. ఇక్కడ సముద్రపు పోటు, పాటు తెలుస్తుంటాయి. పాటు వేళ నీరు దిగి ర్యాంపు నిలువుగా ఉంటుంది, బండి దింపేటప్పుడు ఎవరినైనా సాయం పిలవండి. చివరి పంటు ఎన్నింటికో మధ్యాహ్నమే అడిగి పెట్టుకోండి. చేతిలో చిల్లర ఉంచుకోండి. నరసాపురంలో దిగగానే బండికి నీళ్లు కొట్టించి, చైన్‌కి ఆయిల్ పట్టించండి. ఉప్పుగాలి, ఇసుక పట్టిన చైన్‌తో హైవే ఎక్కొద్దు.