రెండు రీడ్ల హార్మోనియం: ఏళ్ల తరబడి వాడాక

ఇంట్లో తమకోసం పాడుకునేవాళ్లకు హార్మోనియం అంత తోడు మరొకటి లేదని నా అభిప్రాయం. తిత్తి గొళ్లెం తీసిన మరుక్షణం శ్రుతి సిద్ధం. నాది 42 మెట్ల పెట్టె, మూడున్నర స్థాయిలు, మెట్టుకు రెండు రీడ్లు, అంటే గాలికి అదిరి పలికే ఇత్తడి నాలుకలు. మూడు రీడ్లవి గంభీరంగా పలుకుతాయి గానీ గాలి ఎక్కువ లాగుతాయి, చిన్న గదిలో గొంతు వినబడనివ్వవు.

ముందు మీ శ్రుతి వెతుక్కోండి. సి మెట్టు ఒకటో శ్రుతి, పక్క నల్లది ఒకటిన్నర, డి రెండు, జి అయిదు. మంద్ర పంచమం (కింది ప) నుంచి తార పంచమం (పై ప) దాకా గొంతు బిగుసుకోకుండా సాగే చోటే మీ షడ్జం (స). తిత్తిని ఎడమచేత్తో చిన్నగా, ఆగకుండా ఆడించాలి. గట్టిగా తోస్తే నాదం ఉబ్బి శ్రుతి కాస్త దిగుతుంది.

దీని అసలు లోపం గాంధారంలో ఉంది. స్థాయిని పన్నెండు సమభాగాలు చేసే సమవిభజన శ్రుతి కావడంతో అంతర గాంధారం (పెద్ద గ) షడ్జానికి 400 సెంట్ల దగ్గర పలుకుతుంది; ఒక్కో భాగానికి వంద సెంట్లు. తంబూరాతో కలిసే శుద్ధమైన గాంధారం 386. స్వరాన్ని ఊపి పలికే గమకం ఎలాగూ పలకదు. అందుకే ప్రతి స్వరాన్నీ వాయిస్తూ పాడకుండా, స-ప మాత్రం నొక్కి ఉంచి మిగతావి చెవితో పట్టుకుంటే గొంతు బాగుపడుతుంది. ఆ గాంధారం కుదిరినప్పుడు కలిగే ఆనందం కోసమే రోజూ పెట్టె ముందు కూర్చోవాలనిపిస్తుంది.

మరమ్మతుల్లో చాలావరకు దుమ్ముతో వచ్చేవే. ఒక స్వరం మూగబోయినా, జరజరలాడినా రీడు నాలుక కింద నలుసు ఇరుక్కుని ఉంటుంది. పలచని కాగితం ముక్క దూర్చి మెల్లగా లాగితే పోతుంది. నూనె వేయకండి, దుమ్ము ఇంకా అంటుకుంటుంది. నొక్కకుండానే మెట్టు మోగుతుంటే స్ప్రింగు సడలిందో, తోలు మూత సరిగా కూర్చోలేదో, తేమకు చెక్క ఉబ్బి పక్క మెట్టును రాస్తోందో చూడాలి. తడి తగ్గితే మూడోది చాలాసార్లు దానంతటదే సర్దుకుంటుంది.

రెండు రీడ్లు కలవక నాదం అలలుగా ఊగుతుంటే రీడు నాలుకను గీకాల్సిందే. కొన దగ్గర గీకితే శ్రుతి పెరుగుతుంది, బిగించిన మొదలు దగ్గర గీకితే తగ్గుతుంది. నాలుక కింద పలచని బ్లేడు ఆనించి, రెండు మూడు గీతలు గీకి, పెట్టె మూసి విని, అప్పుడే మళ్లీ ముట్టుకోండి. పోయిన ఇత్తడి తిరిగి రాదు కాబట్టి మొదటిసారి చేసేవాళ్లు అరుదుగా వాడే చివరి మెట్టు మీద చెయ్యి తిప్పుకోవడం మేలు.