క్వెరీ లైబ్రరీయా, ప్రాక్సీయా: డేటాబేస్ ముందు ఏది పెడితే మేలు?

"సారీ, టూ మెనీ క్లయింట్స్ ఆల్రెడీ." పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వాడే టీమ్‌కు, ఇక కొత్త కనెక్షన్లు ఇవ్వలేనని చెప్పే ఈ ఎర్రర్ ఏదో ఒక రోజు ఎదురవుతుంది. వెంటనే ఒకరు "పీజీబౌన్సర్ పెట్టేద్దాం" అంటారు, ఇంకొకరు "ముందు కోడ్ చూద్దాం" అంటారు. మొదటిది ప్రాక్సీ, అంటే అప్లికేషన్‌కూ డేటాబేస్‌కూ మధ్య నిలబడే ప్రోగ్రామ్. రెండోది క్వెరీ లైబ్రరీ, అంటే కోడ్ లోపలే ఉండి డేటాబేస్‌కు క్వెరీలు పంపేది, దాని దారి. ఇద్దరూ తప్పు కాదు. ఎవరి మాట ముందు వినాలో మాత్రం లెక్క వేస్తేనే తేలుతుంది.

పోస్ట్‌గ్రెస్‌లో ఒక్కో కనెక్షన్‌కు ఒక్కో ప్రాసెస్ పుడుతుంది. డీఫాల్ట్ పరిమితి 100. అందులో 3 సూపర్‌యూజర్‌కు పోతే మనకు 97. పైథాన్‌లో ఎస్‌క్యూఎల్ఆల్కెమీ అనే క్వెరీ లైబ్రరీ వాడుతున్నారనుకుందాం. తెరిచి ఉంచుకుని మళ్లీ మళ్లీ వాడుకునే గుంపును పూల్ అంటారు. దాని పూల్‌లో 5 కనెక్షన్లుంటాయి, రద్దీ పెరిగితే ఇంకో 10 తెరుస్తుంది. ఆ పూల్ ప్రాసెస్‌కు ఒకటి. రెండు సర్వర్లలో నాలుగేసి వర్కర్ ప్రాసెస్‌లుంటే, ఒక్కోదానిలో థ్రెడ్లు గట్టిగా పనిచేసే వేళ 8 × 15 = 120 దాకా వెళ్లవచ్చు. ఏ వర్కర్ తప్పూ లేదు. లైబ్రరీకి తన ప్రాసెస్ గడప దాటి ఏమీ కనబడదు, అంతే.

గడప బయట ఉండేది ప్రాక్సీ. స్కైప్‌లో పుట్టి 2007లో బయటికొచ్చిన పీజీబౌన్సర్ అన్ని సర్వర్ల నుంచి వచ్చే కనెక్షన్లనూ తన దగ్గర ఆపుకుని, డేటాబేస్ వైపు కొన్నే తెరుస్తుంది. ఒక డేటాబేస్, ఒక యూజర్ జంటకు డీఫాల్ట్‌గా 20. ట్రాన్సాక్షన్ మోడ్‌లో పెడితే ట్రాన్సాక్షన్ (ఒక్కటిగా పూర్తవ్వాల్సిన క్వెరీల కట్ట) ముగియగానే ఆ కనెక్షన్ మరొకరికి ఇచ్చేస్తుంది, కాబట్టి వందల క్లయింట్లు ఆ ఇరవైతోనే నెట్టుకొస్తాయి.

అయితే ఆ క్వెరీ ఎందుకు వచ్చిందో ప్రాక్సీకి తెలియదు. 200 ఆర్డర్ల జాబితా తెచ్చి, ప్రతి ఆర్డర్‌కూ కస్టమర్ పేరు విడిగా అడిగే కోడ్ ఉందనుకోండి. మొత్తం 201 క్వెరీలు. పోయి రావడానికి ఒక్కోదానికి 1 మిల్లీసెకను పట్టినా 200 మిల్లీసెకన్లు దారిలోనే ఖర్చు. ప్రాక్సీ ఆ 201నీ యథాతథంగా మోస్తుంది. ఎస్‌క్యూఎల్ఆల్కెమీలో సెలెక్ట్‌ఇన్‌లోడ్ అని ఒక్క మాట చేరిస్తే అవి రెండే అవుతాయి. బయటి నుంచి వచ్చిన విలువల్లో ఎస్‌క్యూఎల్ దూర్చే ఇంజెక్షన్ దాడుల నుంచి కాపాడే పారామీటర్ బైండింగ్ కూడా లైబ్రరీ పనే.

ట్రాన్సాక్షన్ మోడ్‌లో మా టీమ్ తిన్న దెబ్బ ఇక్కడ చెప్పి తీరాలి. మా కస్టమర్లు ఒక్కొక్కరికి ఒక్కో స్కీమా, అంటే ఒకే డేటాబేస్‌లో టేబుళ్లకు విడి అర. రిక్వెస్ట్ రాగానే ఏ స్కీమాలో వెతకాలో చెప్పే సెర్చ్ పాత్‌ను సెట్ కమాండ్‌తో మార్చేవాళ్లం. ప్రాక్సీ పెట్టాక ఆ సెట్టింగ్ కనెక్షన్‌కే అంటుకుని, తర్వాత ఆ కనెక్షన్ దొరికిన వేరే కస్టమర్ రిక్వెస్ట్‌కు చేరింది. ఒకరి బిల్లులు మరొకరి తెరమీద కనబడ్డాయి. ఒక్కరమే కూర్చుని పరీక్షించినప్పుడు అంతా బాగానే ఉంది, రద్దీ వచ్చాకే బయటపడింది. సెట్ బదులు ట్రాన్సాక్షన్ లోపలే, దానితోనే ముగిసిపోయే సెట్ లోకల్ వాడితే సరిపోయేది. నోటిఫికేషన్ల కోసం కాచుకునే లిజన్, కనెక్షన్ ఉన్నంతసేపూ నిలిచే సెషన్ స్థాయి అడ్వైజరీ లాక్‌లు కూడా ఈ మోడ్‌లో నమ్మదగినవి కావు. పైథాన్ నుంచి పోస్ట్‌గ్రెస్‌కు కలిపే సైకోపీజీ 3 డ్రైవర్ ఒకే క్వెరీని ఐదుసార్లకు మించి నడిపితే తానే ప్రిపేర్ చేస్తుంది, అంటే ఆ కనెక్షన్‌లో ముందే సిద్ధం చేసి పెట్టుకుంటుంది. పాత పీజీబౌన్సర్‌లో అదీ ఇబ్బందే. ప్రోటోకాల్ స్థాయి ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లకు మద్దతు 2023లో వచ్చిన 1.21తోనే మొదలైంది.

మైఎస్‌క్యూఎల్ అనే మరో డేటాబేస్ వైపు ప్రాక్సీఎస్‌క్యూఎల్ అనే ప్రాక్సీ ఇంకో అడుగు ముందుకేసి క్వెరీని చదువుతుంది. నియమాలు రాస్తే చదివే క్వెరీలైన సెలెక్ట్‌లను రెప్లికాకు, అంటే డేటాబేస్ నకలుకు, పంపుతుంది, కోడ్ తాకకుండానే క్వెరీని తిరగరాస్తుంది. కోడ్ మీ చేతిలో లేని అప్లికేషన్‌కు ఇది గొప్ప వరం. కానీ రెప్లికా కాస్త వెనకబడితే, ఇప్పుడే ఫీజు కట్టిన విద్యార్థికి బాకీ చూపిస్తుంది. ఏ రీడ్ తాజాగా ఉండాలో కోడ్ రాసినవాళ్లకే తెలుసు. అందుకే రీడ్, రైట్ విడదీయడం నేనైతే లైబ్రరీ వైపే ఉంచుతాను.

ఒకటి రెండు సర్వర్లున్న అప్లికేషన్‌కు లైబ్రరీ చాలు. అన్ని వర్కర్ల పూల్ సైజు అంకెలు కలిపి 97 దాటకుండా సరిచూసుకుంటే ప్రాక్సీ అక్కర్లేదు. సర్వర్ల సంఖ్య రద్దీని బట్టి పెరిగి తరిగే చోట, లేదా సర్వర్‌లెస్ ఫంక్షన్ల దగ్గర, ప్రాక్సీ తప్పదు. అప్పుడు లైబ్రరీలో కనెక్షన్లేవీ దాచుకోని నల్‌పూల్ పెట్టి పూలింగ్ పని ఒక్కచోటే ఉంచండి.

ఏ సంగతీ తేల్చుకోలేకపోతే ఎర్రర్ వచ్చే వేళ ఒక్కో కనెక్షన్ ఏం చేస్తోందో చూపే పీజీ స్టాట్ యాక్టివిటీ తెరవండి. ఎక్కువ కనెక్షన్లు ఐడిల్ (ఖాళీ) అని ఉంటే ప్రాక్సీ పెట్టండి, ఆ రోజే తేడా తెలుస్తుంది. యాక్టివ్ అని ఉంటే ప్రాక్సీ క్యూను డేటాబేస్ లోపలి నుంచి గుమ్మం బయటికి మారుస్తుందే తప్ప క్వెరీల భారం తగ్గించదు. వాటికి వెతుకులాటను వేగం చేసే ఇండెక్స్‌లు చూడాలి. ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్ అని వరసగా కనబడితే, ఎవరో ట్రాన్సాక్షన్ తెరిచి పెట్టి మధ్యలో పేమెంట్ గేట్‌వే లాంటి బయటి సర్వీసును పిలుస్తున్నట్టు. ఆ కనెక్షన్‌ను ఏ పూలూ మరొకరికి ఇవ్వలేదు. ఆ పిలుపును ట్రాన్సాక్షన్ బయటికి తేవాల్సింది కోడ్‌లోనే.