జీబోర్డ్ ‘ఏబీసీ → తెలుగు’: పొట్టి మాటలవాళ్లకు పనికొస్తుందా?

ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే అలవాటు పోదు, చదివేవాళ్లకు మాత్రం తెలుగు లిపే కనిపించాలి అనుకునేవాళ్లు ఆండ్రాయిడ్‌లో గూగుల్ కీబోర్డు యాప్ జీబోర్డ్‌లో ఉన్న ఈ ‘ఏబీసీ → తెలుగు’ బోర్డు నిశ్చింతగా పెట్టుకోవచ్చు. ఐదుకు నాలుగు మార్కులు. ఆ పోయిన మార్కు పొట్టి మాటల దగ్గరే, అంటే అక్షరాలు మింగేసి కొట్టే మాటల దగ్గరే పోతుంది.

పెట్టుకోవడం తేలికే. జీబోర్డ్ సెట్టింగ్స్‌లో లాంగ్వేజెస్, యాడ్ కీబోర్డ్, ఆపైన తెలుగు. చాలామంది ఇక్కడ తొందరపడి తెలుగు అక్షరాల బోర్డు ఉంచేసుకుని, ఒత్తులు వెతుక్కోలేక విసిగిపోయి తీసేస్తారు. ‘ఏబీసీ → తెలుగు’ అన్నదాన్ని ఎంచుకోవాలి. తర్వాత భూగోళం బొమ్మ నొక్కినా, స్పేస్‌బార్ నొక్కి పట్టినా భాష మారుతుంది.

‘వస్తున్నాను’లో తకారానికి కొందరు ‘టీ’ ఒక్కటే కొడతారు, కొందరు పక్కన ‘హెచ్’ చేరుస్తారు. దీర్ఘానికి ‘ఏ’ ఒకటా రెండా అన్నది ఎవరిష్టం వాళ్లది. ఈ తేడాలన్నీ ఇది సర్దుకుపోతుంది. అచ్చులు మింగేస్తేనే తెల్లమొహం వేస్తుంది. ‘ఎక్కడ’కి ‘ఈ, కే, డీ’ అని మూడే కొట్టి ఊరుకుంటే కావలసిన మాట వస్తుందన్న భరోసా లేదు. ఇంగ్లీషులో ‘పీఎల్‌జెడ్’ అంటే ప్లీజ్ తప్ప ఇంకోటి కాదు. తెలుగులో అచ్చు పొడుగు, హల్లు ఒత్తు మారితే మాటే మారిపోతుంది. ‘కే, ఏ, ఎల్, ఎల్, యూ’ కొట్టండి: కళ్లు, కాళ్లు, కల్లు మూడూ దానికి అర్హమైనవే. నాన్నగారి మందుల గురించి డాక్టరుకు రాసేటప్పుడు ఇది చిన్న తేడా కాదు. అందుకే స్పేస్ కొట్టే ముందు బోర్డు పైన మాటలు సూచించే పట్టీ మీద ఒక చూపు వెయ్యాలి. స్పేస్ పడితే అది ఎంచిన మాటే దిగిపోతుంది.

మనిషి తీరు ఎక్కువగా మాట చివర్లో తెలుస్తుంది. ‘సరే’, ‘సర్లే’, ‘సరేనండి’ మూడింటికీ ఇంగ్లీషు అక్షరాల్లో ‘కే’ ఒక్కటే పెట్టి పంపేస్తారు. స్నేహితుడైతే పట్టించుకోడు. మామగారో, పెద్దమ్మో అయితే వీడికి కోపమొచ్చిందేమో అనుకుంటారు. తెలుగు లిపిలో ‘అండి’ కళ్లకు కనిపిస్తుంది. ఈ ఒక్క లాభం కోసమైనా పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు ఈ బోర్డు వాడాలి.

యాస విషయంలో మాత్రం కాస్త ఓపిక పట్టాలి. తెలంగాణలో ‘వస్త’ అని పొట్టిగా ముగిస్తారు, ఇది ‘వస్తా’ అని సాగదీయొచ్చు. కరీంనగర్ వైపు ‘అచ్చిండు’ అంటే వెంటనే అందుకోకపోవచ్చు. పట్టీలో మీ మాట ఉంటే ప్రతిసారీ దాన్నే నొక్కండి, పోనుపోను అలవాటు పడుతుంది. మీ మాట దిద్ది బడి తెలుగు చేసుకోవద్దు.

పొట్టి మాటలు వదలలేకపోతే ఉపాయముంది. సెట్టింగ్స్‌లో డిక్షనరీ, పర్సనల్ డిక్షనరీ, ఆల్ లాంగ్వేజెస్ తెరిచి, ప్లస్ గుర్తు నొక్కి, పై గడిలో ‘బయల్దేరానండి, అరగంటలో ఉంటాను’ అని, కింద షార్ట్‌కట్ గడిలో ‘బీఎల్’ అక్షరాలు పెట్టండి. ఇంగ్లీషు బోర్డులో ఆ రెండు అక్షరాలు కొడితే మొత్తం వాక్యం పట్టీలో వస్తుంది, నొక్కితే చాలు. రోజూ పంపే ఐదారు వాక్యాలు ఇలా పెట్టుకుంటే పొట్టితనం మీ వేళ్లకే ఉంటుంది, అవతలివాళ్లకు నిండు మాట చేరుతుంది.

వాట్సాప్‌లో పొడుగుతో పేచీ లేదు. మామూలు ఎస్సెమ్మెస్‌లో ఉంది. ఇంగ్లీషు అక్షరాలు ఒక మెసేజ్‌లో 160 పడతాయి. ఒక్క తెలుగు అక్షరం చేరినా మొత్తం మెసేజ్ పరిమితి 70కి పడిపోతుంది, అది దాటితే ముక్కకు 67 చొప్పున విడిపోతుంది. పైగా ‘స్త్రీ’ అన్నది కంటికి ఒక్కటే అయినా లెక్కలో ఆరు. మెసేజ్‌కింతని డబ్బు పడే ప్లానుంటే, విదేశాలకు పంపుతుంటే, పంపే ముందు మెసేజ్ రాసే పెట్టె పక్కన కనిపించే అక్షరాల లెక్క చూసుకోండి.