ఉప్పు గుత్తాధిపత్యం: వంశపారంపర్య హక్కా, చీటీ విధానమా?

చైనాలో 1617లో మొదలైన గాంగ్ విధానంలో, ప్రభుత్వ జాబితాకెక్కిన వర్తకులకే హ్వై నదీ ప్రాంతపు ఉప్పు అమ్మే హక్కు ఉండేది. అది తండ్రి నుంచి కొడుకుకు సంక్రమించేది. కొద్దిమంది నుంచే పన్ను రాబట్టడం సర్కారుకు తేలికే అయినా, అడుగడుగునా లంచాలూ రుసుములూ చేరి ధర పెరగడంతో జనం దొంగ ఉప్పు వైపు మళ్లారు, ఖజానాకు బకాయిలు పేరుకుపోయాయి.

గవర్నర్ జనరల్ తావ్ షు 1832లో హ్వైబెయ్‌లో (హ్వై నదికి ఉత్తర ప్రాంతం) ప్రవేశపెట్టిన చీటీ విధానంలో, పన్ను కట్టిన ఎవరైనా చీటీ తీసుకుని నిర్ణీత ప్రాంతంలో ఉప్పు అమ్ముకోవచ్చు. ప్రభుత్వ గుత్తాధిపత్యాన్ని రద్దు చేయకుండానే పాత వర్తకుల పట్టును సడలించి, దొంగ ఉప్పును తక్కువ ధరతో ఎదుర్కొన్న ఈ మార్గమే నిస్సందేహంగా మేలైనది. అయితే నదికి దక్షిణాన ఉన్న, మరింత పెద్దదైన హ్వైనాన్‌కు అది 1850లో, ఆయన మరణించిన 11 ఏళ్లకు గాని చేరలేదు.