లాంగియర్‌బ్యెన్ చంద్రగ్రహణ యాత్ర: తిరుపతి ట్రావెల్స్ సేవలపై సమీక్ష

తిరుపతిలోని ఒక ట్రావెల్స్ సంస్థ, 2028 డిసెంబరు 31 నాటి సంపూర్ణ చంద్రగ్రహణాన్ని ఉత్తర ధ్రువ ప్రాంతం నుంచి చూపిస్తామంటూ ఇప్పటి నుంచే పేర్లు నమోదు చేసుకుంటోంది. 2019 జనవరి 21 నాటి గ్రహణానికి ఇదే సంస్థ ద్వారా నార్వే ఏలుబడిలోని స్వాల్‌బార్డ్ దీవులకు వెళ్లివచ్చాను కాబట్టి, డబ్బు కట్టబోయేవారి కోసం ఈ సమీక్ష రాస్తున్నాను.

ముందుగా వీసా సంగతి. స్వాల్‌బార్డ్ నార్వేదే అయినా, ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి అయిన షెంగెన్ పరిధిలోకి రాదు. ఓస్లో మీదుగా అక్కడికి వెళితే షెంగెన్ దాటి బయటికి పోయినట్టే లెక్క కనుక, తిరిగి రావడానికి రెండోసారి ప్రవేశించే అనుమతి వీసాలో ఉండి తీరాలి. సంస్థవారు మా అందరికీ ఒక్క ప్రవేశానికే దరఖాస్తులు నింపారు. బృందంలో ఒకరు గమనించి నిలదీశాకే మార్చారు. ఇంత దూరపు యాత్రను అమ్మేవారికి ఇది తెలియకపోవడం చిన్న లోపం కాదు. భోజనానికి మాత్రం వంక పెట్టలేము. కందిపొడి, గోంగూర పచ్చడి, రైస్ కుక్కర్‌తో సహా అన్నీ వెంట తెచ్చారు. బస కూడా బాగుంది. బొగ్గు గనుల కాలం నుంచి వస్తున్న ఆచారం ప్రకారం అక్కడి హోటళ్లలో చెప్పులు, బూట్లు గుమ్మం దగ్గరే విడవాలి. మనవాళ్లకు దాన్ని ఎవరూ నేర్పనక్కరలేకపోయింది.

అసలు విషయం గ్రహణం. మన గడియారం ప్రకారం దాని సంపూర్ణ దశ ఉదయం 10.11 నుంచి 11.13 వరకు సాగింది గనుక, తిరుపతిలో అది కనబడే అవకాశమే లేదు. మేము బస చేసిన లాంగియర్‌బ్యెన్, స్వాల్‌బార్డ్‌లోని ప్రధాన పట్టణం, 78 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. జనవరిలో అక్కడ సూర్యుడు ఉదయించడు. సూర్యుడికి సరిగ్గా ఎదురుగా ఉండే పౌర్ణమి చంద్రుడు, అదే కారణంగా, అస్తమించకుండా ఆకాశం చుట్టూ తిరుగుతూనే ఉంటాడు. అంతమాత్రాన ఎక్కడ నిలబడినా కనబడతాడనుకోకూడదు. గ్రహణ వేళకు ఆయన పడమట సుమారు 20 డిగ్రీల ఎత్తులోనే ఉన్నాడు, పట్టణమేమో కొండల నడుమ ఇరుకు లోయ. తిరుమల కొండ ఉత్తరాన ఉండి చంద్రుడికి అడ్డురాని మన తిరుపతిలో ఈ చిక్కు ఎవరికీ తట్టదు. సంస్థ కాగితంలో 'హోటల్ ఆవరణ నుంచి వీక్షణ' అని ఉంది. అక్కడి గైడ్ దాన్ని చూసి తల అడ్డంగా ఊపి, ధ్రువపు ఎలుగుబంట్ల భయానికి తుపాకీ తగిలించుకుని, మమ్మల్ని వ్యానులో విశాలమైన అడ్వెంట్‌డాలెన్ లోయకు తీసుకుపోయాడు. నా దృష్టిలో మేము కట్టిన డబ్బుకు ఫలితం దక్కింది ఆ ఒక్క నిర్ణయం వల్లనే.

స్థానిక కాలమానంలో ఉదయం 5.41కి చంద్రబింబం పూర్తిగా ఇటుకరంగుకు తిరిగింది. అంతవరకు మంచు మీద స్పష్టంగా పడుతున్న మా నీడలు చెరిగిపోయాయి, వెన్నెల మింగేసిన నక్షత్రాలు బయటపడ్డాయి. అది పుష్య పౌర్ణమి, చంద్రుడు పుష్యమిలో ఉన్నాడు. బైనాక్యులర్స్‌లో చూస్తే ఆయనకు కాస్త దూరంలో కర్కాటక రాశిలోని నక్షత్రాల గుంపు పొడి చల్లినట్టు కనిపించింది. చలికి కెమెరా బ్యాటరీలు నిలవలేదు. వాటిని చొక్కా లోపలి జేబులో పెట్టుకోమని సంస్థవారు తిరుపతిలోనే ఒక్కమాట చెప్పి ఉంటే బాగుండేది. కరపత్రంలో ఊరించిన ధ్రువకాంతులు కనబడలేదు. నిండు పౌర్ణమి వెలుగులో అవి వెలవెలబోతాయని తెలిసినవారెవరూ వాటికి హామీ ఇవ్వరు.

ఇక 2028 సంగతి. ఆ గ్రహణం తిరుపతి నుంచే ఆసాంతం కనబడుతుంది. రాత్రి పది గంటల ప్రాంతంలో, చంద్రుడు బాగా పైకి వచ్చాక, సంపూర్ణ దశ నడుస్తుంది. గ్రహణం చూడడమే కోరిక అయితే ఈ ప్యాకేజీ అనవసరం. అస్తమించని చంద్రుణ్ణి చూడాలనుకునేవారు మాత్రం, వీసా రెండు ప్రవేశాలకా కాదా అన్నదీ, గ్రహణ వేళ తమను ఎక్కడ నిలబెడతారన్నదీ ముందే రాతపూర్వకంగా తీసుకోవాలి. ఈసారి అక్కడ చంద్రుడు తూర్పున ఉంటాడు కనుక, మేము నిలబడిన చోటే మళ్లీ పనికివస్తుందని నమ్మకం లేదు.