ఎడారి గడ్డినేల, వాగు ఒడ్డు: ఒకే సాలీడుకు రెండు స్వభావాలు

అమెరికాలోని టెనెసీ విశ్వవిద్యాలయంలో దశాబ్దాలు పనిచేసిన జీవశాస్త్రవేత్త సూసన్ రీచర్ట్ పేరు చెప్పగానే గుర్తొచ్చే సాలీడు అగెలెనోప్సిస్ ఆపెర్టా. జిగురు లేని దుప్పటిలాంటి గూడు పరిచి, గరాటు గొట్టంలో కాచుకుంటుంది.

న్యూమెక్సికో ఎడారి గడ్డినేలలో ఎండ తీవ్రం, పురుగులు తక్కువ, గూటికి పనికొచ్చే చోట్లు అరుదు. అక్కడి సాలీళ్లు చోటు కోసం తెగించి పోట్లాడతాయి. బెదిరి లోపలికి దూరినా త్వరగానే బయటికొస్తాయి. అరిజోనా వాగు ఒడ్డున నీడ, తిండి పుష్కలం, పిట్టల బెడద ఎక్కువ. అక్కడివి చాలాసేపు దాక్కుంటాయి.

మరి ఈ తేడా పరిసరాలు నేర్పిందా, పుట్టుకతో వచ్చిందా? రెండు చోట్ల పిల్లల్నీ ప్రయోగశాలలో ఒకే తీరుగా పెంచారు. అయినా తేడా పోలేదు. ఎంత ఓపిక కావాలి దీనికి!

సైద్ధాంతిక జీవశాస్త్రవేత్త పీటర్ హామర్‌స్టైన్‌తో కలిసి రీచర్ట్ 1988లో ప్రచురించిన ఆట సిద్ధాంతపు లెక్కకు (ఎదుటివాళ్లు చేసేదాన్ని బట్టి ఏ ఎత్తు లాభమో తేల్చే గణితం) గడ్డినేల సాలీళ్లు చక్కగా సరిపోయాయి. వాగు ఒడ్డువి మాత్రం లెక్క చెప్పినదానికన్నా ఎక్కువ కలహించాయి. నా మనసు ఈ సరిపోని చోటే ఆగిపోతుంది. చుట్టుపక్కల పొడినేలల నుంచి దూకుడు సాలీళ్లు వచ్చి జతకట్టడమే కారణమని రీచర్ట్ అనుమానించి, ఆ రాకను అడ్డుకుని మరీ పరీక్షించారు. పరిశోధకురాలిగా ఆమెను నాకు దగ్గర చేసింది వాగు ఒడ్డే.