అమ్మ సీరియల్‌కు అడ్డురాని గేమింగ్ పెట్టె: ఇరవై నెలల వాడకం తర్వాత

మా టీవీ రిమోట్ మీద ఒక ఎర్రటి స్టిక్కరు బొట్టు ఉంటుంది. ఇంటికి కొత్తగా వచ్చినవాళ్లు పిల్లల అల్లరి అనుకుంటారు. అంటించింది మా అమ్మ. ఎందుకు అంటించాల్సి వచ్చిందో చెబితే ఈ సమీక్షలో సగం చెప్పినట్టే, కానీ దానికంటే ముందు పెట్టె సంగతి చెప్పాలి.

మాది పర్లాకిమిడి. ఒడిశాలోని గజపతి జిల్లా కేంద్రమే అయినా ఊరు దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. ఇంట్లో తెలుగు, బజారులో రెండు భాషలూ, మా అబ్బాయి బడిలో ఒడియా. హాలు ఒక్కటే, టీవీ ఒక్కటే. సాయంత్రం ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా ఆ టీవీ అమ్మది. నా పాత టవర్ కంప్యూటర్ పడకగదిలో ఉండేది. రాత్రిళ్లు దాని ఫ్యాను మోత భరించలేక మా ఆవిడ దుప్పటి తీసుకుని హాలులోకి వెళ్లి పడుకునేది. చివరికి ఒకరోజు, "నన్ను హాలులోకి పంపే బదులు దాన్నే హాలులో పెట్టండి" అంది. మాట బాగానే ఉంది గానీ, మోకాలెత్తు టవర్‌ను టీవీ పక్కన ఎక్కడ పెట్టను?

అలా 2024 మేలో మినీ పీసీ కొన్నాను. రెండు అరచేతులు పక్కపక్కన పెడితే వాటి మీద ఇమిడిపోతుంది. లోపల ఏఎండీ రైజెన్ 7 7840హెచ్ఎస్ ప్రాసెసర్, అందులోనే కలిసి ఉన్న రేడియన్ 780ఎం గ్రాఫిక్స్. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. రూ. 55,000 అయింది. తయారీదారు పేరు చెప్పను. ఇదే ప్రాసెసర్‌తో ఇలాంటి పెట్టెలు అరడజను పేర్లతో వస్తున్నాయి, నాకు ఎదురైన కష్టాల్లో చాలావరకు వాటన్నిటికీ ఉమ్మడివే.

మొదటి నిరాశ మొదటి వారంలోనే. చదివిన దానికీ చూసిన దానికీ పొంతన లేదు. సెకనుకు 45 ఫ్రేములు, అంటే తెర మీద మారే బొమ్మలు, రావాల్సిన చోట 30 కూడా నిలకడగా లేవు. పెట్టె విప్పితే కారణం కనిపించింది: 16 జీబీ మెమరీ ఒకే బద్దగా పెట్టి, పక్క గడి ఖాళీగా వదిలేశారు. ఈ రకం గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు, కంప్యూటర్ మెమరీనే వాడుకుంటుంది. డీడీఆర్5-5600 బద్ద ఒక్కటైతే సెకనుకు 44.8 జీబీ దారి, రెండైతే 89.6. మామూలు పనుల్లో ఈ తేడా పెద్దగా తెలియదు, ఆటల్లో మాత్రం ప్రాణం మీదికి వస్తుంది. రెండో బద్దకు అప్పట్లో నాలుగు వేలు పెట్టాను, పెట్టె నిజంగా ఆటల పెట్టె అయింది ఆరోజే. 2025 చివరి నెలల నుంచి మెమరీ ధరలు విపరీతంగా పెరిగాయి కాబట్టి, ఇప్పుడు కొనేవాళ్లు పెట్టెతో పాటే రెండు బద్దలు వస్తున్నాయో లేదో ముందే అడిగి తీసుకోవడం మేలు. "32 జీబీ" అన్నంత మాత్రాన సరిపోదు, అది ఒకే బద్ద కూడా కావచ్చు.

రెండో మార్పు సాఫ్ట్‌వేర్. పెట్టెతో వచ్చిన ఆపరేటింగ్ సిస్టమ్ బల్ల ముందు కూర్చునే మనిషి కోసం తయారైంది, సోఫాలో కూర్చునే మనిషి కోసం కాదు. పాస్‌వర్డు అడుగుతుంది, మూలన ఏదో చిన్న కిటికీ తెరిచి "సరే" నొక్కమంటుంది. పది అడుగుల దూరం నుంచి ఆ అక్షరాలు చీమల బారులా కనిపిస్తాయి. కీబోర్డు ఒడిలో పెట్టుకుని నాలుగు నెలలు వేగాను. ఆ సెప్టెంబరులో బజైట్ వేశాను. ఫెడోరా లినక్స్ పునాదిగా చేసిన ఉచిత వ్యవస్థ ఇది. స్విచ్ నొక్కితే నేరుగా స్టీమ్ ఆటల తెర వస్తుంది, అంతా గేమ్‌ప్యాడ్‌తోనే నడుస్తుంది. అప్‌డేట్ ఏదైనా తేడా చేస్తే, మొదలయ్యేటప్పుడు వచ్చే జాబితాలో పాత రూపాన్ని ఎంచుకుని వెనక్కి వెళ్లిపోవచ్చు. స్టీమ్ అనే ఆటల దుకాణం నడిపే వాల్వ్ సంస్థ 2015లో స్టీమ్ మెషీన్ల పేరుతో హాలులోకి రావడానికి ఒకసారి ప్రయత్నించింది. లినక్స్‌లో ఆడే ఆటలే తక్కువ కావడంతో అది నిలవలేదు. విండోస్ ఆటలను లినక్స్‌లో నడిపించే ప్రోటాన్ 2018లో వచ్చాక కథ మారింది. నా దగ్గరున్న ఆటల్లో అధిక భాగం, కింద రాసిన ఒక రకం తప్ప, ఏ హంగామా లేకుండా తెరుచుకుంటున్నాయి.

ఇక బొట్టు కథ. పెట్టె వచ్చిన రెండో రోజు సాయంత్రం నేను దుకాణంలో ఉండగా అమ్మ ఫోను చేసింది. "నాయనా, టీవీ పాడైపోయింది. నల్లగా ఉంది, ఇంగ్లీషులో ఏదో తిరుగుతోంది." టీవీకి ఏమీ కాలేదు. ముందురోజు రాత్రి నేను ఆడుకుని, టీవీని పెట్టె వైపే వదిలేసి పడుకున్నాను. సిగ్నల్ లేదని తెర చెబుతోంది. సెట్‌టాప్ బాక్సు వైపు తిప్పాలంటే రిమోట్‌లో ఇన్‌పుట్ మీట నొక్కాలని అమ్మకు తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. హెచ్‌డీఎంఐ తీగలో సీఈసీ అనే ఏర్పాటు ఉంటుంది. దాని ద్వారా గేమింగ్ కన్సోళ్లు టీవీని వేస్తాయి, ఆపుతాయి, తమ వైపు తిప్పుకుంటాయి. మినీ పీసీల్లో మాత్రం చాలావాటికి ఆ విద్య రాదు. విడిగా ఒక అడాప్టర్ దొరుకుతుంది గానీ, దాని ధర చూసి వెనక్కి తగ్గాను. వారం రోజులు రోజూ సాయంత్రం ఆరున్నరకు నాకు ఫోను వచ్చేది. చివరికి అమ్మే తన నుదుటి బొట్టు తీసి ఆ మీట మీద అంటించి, "ఇది నొక్కితే నా సీరియల్, అంతేనా?" అంది. అంతే. ఇరవై నెలల్లో మూడు బొట్లు మారాయి.

అందుకే ఇలాంటి పెట్టె గురించి ఎవరైనా అడిగితే ఫ్రేముల లెక్క ముందుగా చెప్పను. మీ ఇంట్లో ఆటలు ఆడని మనిషి టీవీని తన టీవీగా వాడుకోగలుగుతున్నారా అన్నదే హాలులో అసలు పరీక్ష. అందులో తప్పితే మిగతా మార్కులు ఎన్ని వచ్చినా పెట్టె మళ్లీ పడకగదికే.

చప్పుడు సంగతి. మొదట్లో దీన్ని టీవీ వెనక బిగించాను, చూడ్డానికి ముచ్చటగా ఉంది. గోడకూ టీవీకీ మధ్య గాలి ఆడక మే నెల ఎండల్లో ఫ్యాను ఈల వేసింది. అదే చోట గేమ్‌ప్యాడ్ సిగ్నల్ కూడా తెగిపోయేది. తీసి టీవీ బల్ల మీద పెట్టి, కంప్యూటర్ మూల సెట్టింగులు ఉండే బయోస్‌లో విద్యుత్తు పరిమితిని 54 వాట్ల నుంచి 35కు తగ్గించాను. నేను ఆడే ఆటల్లో సెకనుకు నాలుగైదు ఫ్రేములకు మించి తగ్గలేదు, మోత సగానికి పడిపోయింది. ఈ తెలివి మొదటే ఉంటే బాగుండేది. గోడ ప్లగ్గు దగ్గర మీటరు పెట్టి చూస్తే ఆడుతున్నప్పుడు 55 నుంచి 60 వాట్లు. పాత టవర్ 200 దాటేది.

అయితే పదిహేనో నెలలో ఈల మళ్లీ మొదలైంది. ఉష్ణోగ్రత 95 డిగ్రీలు. దుమ్మే కదా అని బ్లోయరు పెట్టాను, కదల్లేదు. మూత విప్పితే ఫ్యాను రెక్కల మీద, రాగి రేకుల మధ్య నల్లగా, జిగటగా ఒక పొర. వేలితో తీస్తే కాటుకలా అంటుకుంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే సాంబ్రాణి వాసన. టీవీ బల్లకు పక్కనే మా దేవుడి మందిరం. రెండు పూటలా అగరువత్తులు, దీపం, శుక్రవారం కర్పూరం. పెట్టె పదిహేను నెలలు ఆ పొగనంతా పీల్చి దాచుకుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాలు, పాత టూత్‌బ్రష్‌తో గంటసేపు తోమి, థర్మల్ పేస్టు మార్చాక 80 దగ్గరికి వచ్చింది. దేవుణ్ణి కదిలించలేము కాబట్టి పెట్టెనే బల్ల రెండో చివరికి జరిపాను. ఏ సమీక్షలోనూ ఈ సంగతి రాయరు. మన ఇళ్లలో హాలు అంటే సగం ఇళ్లలో పూజగది కూడా అదే.

కరెంటు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మా జిల్లాను కుదిపేశాక, రోజుల తరబడి చీకట్లో ఉండి, ఇన్వర్టర్ కొన్నాం. అది ఉంది కదా అని ధీమాగా ఉన్నాను. తీరా చూస్తే కరెంటు పోయిన ప్రతిసారీ టీవీ కన్ను కూడా ఆర్పేది కాదు, పెట్టె మాత్రం ఆగి మళ్లీ మొదలయ్యేది. ఒకసారి మా అబ్బాయి రెండు గంటల ఆట అలాగే గాలిలో కలిసింది, వాడు అన్నం తినలేదు. ఇన్వర్టర్ వెనక చిన్న మీట ఉంటుంది. ఫ్యాన్లు, దీపాలకు సరిపోయే మామూలు మోడ్ ఒకటి, కంప్యూటర్లకు యూపీఎస్ మోడ్ ఒకటి. మామూలు మోడ్‌లో కరెంటు నుంచి బ్యాటరీకి మారే క్షణంలో పెట్టె ప్రాణం విడిచేది. మీట అటు జరిపాక ఆ బాధ పోయింది. ఇలాంటి చిన్న మీటలు ఇంట్లో ఇంకెన్ని ఉన్నాయో!

పిడుగుకు మాత్రం మీట లేదు. 2025 ఏప్రిల్‌లో ఉరుముల గాలివాన సాయంత్రం అడాప్టర్ చచ్చిపోయింది. వారంటీ ఉంది. ఒడిశా చిరునామా కాబట్టి భువనేశ్వర్ కేంద్రానికే పంపాలన్నారు. విశాఖ మాకు అంతకంటే బాగా దగ్గర, పైగా అక్కడ మా మావయ్య ఉన్నాడు, ఆయన పట్టుకెళ్లి ఇస్తాడని ఎంత చెప్పినా వినలేదు. సరిహద్దులో ఉండేవాళ్లకు ఇది కొత్త కాదు. రేషను కార్డు నుంచి కొరియరు దాకా అదే రాగం. ఇరవై ఆరు రోజులకు కొత్త అడాప్టర్ వచ్చింది. ఈలోగా బజారులో ల్యాప్‌టాప్‌లు బాగుచేసే కుర్రవాడు పాతదాని మీద రాసి ఉన్న 19 వోల్టులు, 6.3 ఆంపియర్లు చదివి, పిన్ను కొలిచి, మూడో రోజుకే జతైనది తెప్పించి ఇచ్చాడు. పెట్టె ఈరోజుకీ దాని మీదే నడుస్తోంది. కంపెనీది సొరుగులో ఉంది.

గేమ్‌ప్యాడ్ గురించి ఒక్క మాట. పెట్టెను టీవీ వెనక నుంచి తీశాక కూడా బటన్ నొక్కిన అర క్షణానికి గాని మనిషి దూకేవాడు కాదు. ఒక వారం టీవీని తిట్టాను, గేమ్ మోడ్ వేశాను, కొంత తగ్గింది. మిగతా దోషం పక్కనే గుచ్చిన యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్క్‌ది. ఆ రకం యూఎస్‌బీ పనిచేసేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రొద పుట్టిస్తుంది, గేమ్‌ప్యాడ్ మాట్లాడేదీ అదే పట్టీలో. గేమ్‌ప్యాడ్ సిగ్నల్ అందుకునే చిన్న ముక్కను, అంటే డాంగిల్‌ను, ఒక అడుగు పొడవు ఎక్స్‌టెన్షన్ తీగతో ముందుకు లాగితే పోయింది. ఆ తీగ ఖరీదు రూ. 90.

ఏమి ఆడుతున్నాం? టీవీ 43 అంగుళాల 4కే. ఆటలను 4కేలో నడపాలని ఆశపడొద్దు. 1080పీలో పెడితే ఒక్కో చుక్క సరిగ్గా నాలుగు చుక్కలుగా తెర మీద పరుచుకుంటుంది, సోఫా దూరం నుంచి చక్కగానే ఉంటుంది. జీటీఏ 5 మధ్యస్థం సెట్టింగుల్లో సాఫీగా 60. సైబర్‌పంక్ 2077 తక్కువ సెట్టింగుల్లో, తక్కువ చుక్కలతో గీసిన బొమ్మను పెద్దది చేసి చూపే ఎఫ్ఎస్ఆర్ సాయంతో 40 నుంచి 50. కొత్తగా వచ్చే భారీ ఆటలు దీని తలకు మించినవి. ఇక ఆన్‌లైన్‌లో దొంగాట ఆడేవాళ్లను పట్టే సాఫ్ట్‌వేర్ కంప్యూటర్‌లో లోతుగా దిగే ఆటలు లినక్స్‌లో రావు. వాలరెంట్ ఆడదామని దసరాకు వచ్చిన మా మేనల్లుడు మొహం ముడుచుకున్నాడు. జీటీఏ ఆన్‌లైన్ కూడా 2024 సెప్టెంబరు నుంచి ఇందులో ఆడలేం. మీ ఇంట్లో పిల్లలకు అవే ప్రాణమైతే ఈ దారి పట్టకండి.

మా ఇంట్లో గెలిచిన ఆట మాత్రం స్టార్‌డ్యూ వ్యాలీ. తెరను రెండుగా చీల్చుకుని ఇద్దరు ఆడొచ్చు. మా అబ్బాయి, ఎదురింటి ఒడియా కుర్రాడు కలిసి పొలం వేశారు, తగాదాలన్నీ ఒడియాలో, రాజీ తెలుగులో. ఒక ఆదివారం అమ్మ సీరియల్ లేక వాళ్ల వెనక కూర్చుని చూసింది. వరి నాటారు. ఎనిమిది రోజులకు కోతకు వచ్చింది. "ఎనిమిది రోజులకు వరి కోతేమిటిరా, మాకు నాలుగు నెలలు పట్టేది" అని నవ్వింది. నీటి పక్కన నాటితే ఆరు రోజులేనని వాడు చెప్పాడు. అప్పటి నుంచి ఆమెకు ఆ పొలం మీద ఒక కన్నుంది. కలుపు తీయకుండా చేపలు పట్టడానికి వెళ్తే ఊరుకోదు.

2025 నవంబరులో వాల్వ్ కొత్త స్టీమ్ మెషీన్ ప్రకటించాక, ఆగమంటారా అని ఇద్దరు మిత్రులు అడిగారు. దానికి విడిగా 8 జీబీ గ్రాఫిక్స్ మెమరీ, 28 గ్రాఫిక్స్ యూనిట్లు; నా 780ఎంలో ఉన్నవి 12. టీవీని వేసి ఆపే సీఈసీ కూడా ఉందన్నారు, అది చదివినప్పుడు మాత్రం కొంచెం అసూయ కలిగింది. కానీ వాల్వ్ చేతిలో పట్టుకుని ఆడే తన స్టీమ్ డెక్‌నే మన దేశంలో నేరుగా అమ్మలేదు. పాతపట్నం రోడ్డు మీద బాగుచేసేవాడు విప్పగలిగిన పెట్టె, బజారులో దొరికే అడాప్టర్, మార్చుకోగలిగిన మెమరీ నాకు ముఖ్యం. ఆ మిత్రుల్లో బరంపురంలో ఉండేవాణ్ణి ఆగమన్నాను, వాడికి తొందర లేదు. గుణుపురంలో ఉండేవాడు నిన్ననే నాలాంటిది తెప్పించాడు. రెండో మెమరీ బద్ద ఉందో లేదో చూడమని పొద్దున్నే ఫోను చేశాను. లేదట.